పాత గాయాన్ని మాన్పుకోవడం: ముట్టుకోవాల్సిన తీరు, ఆగాల్సిన చోటు

ఏళ్లు గడిచినా కొన్ని బాధలు పాతబడవు. ఒక పేరు వినబడినా, తలుపు దబ్బున మూసుకున్నా, అర్ధరాత్రి ఫోను మోగినా ఒంట్లో అప్పటి వణుకే మళ్లీ పుడుతుంది. "కాలమే మాన్పుతుంది" అని చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే మాట సగమే నిజం. చాలా బాధలు వాటంతటవే తగ్గిపోతాయి. మిగిలిపోయినవి ఎక్కువగా రెండు అలవాట్ల వల్ల మిగులుతాయి: పూర్తిగా దిగమింగుకోవడం, లేదంటే రోజంతా దాన్నే నెమరువేయడం. ఈ రెంటికీ మధ్య ఒక దారి ఉంది. కొలత పెట్టుకుని బాధను కాసేపు ముట్టుకోవాలి, మళ్లీ ఇవతలికి వచ్చేయాలి. ఇక్కడ రాసిందంతా ఆ రాకపోకల గురించే.

మొదలుపెట్టే ముందు

బాధపెట్టే పని ఇంకా జరుగుతోందా? ఇంట్లో చెయ్యి చేసుకునేవాళ్లో, పనిచేసే చోట రోజూ అవమానించేవాళ్లో ఇంకా ఎదురుగానే ఉంటే మీ భయంలో తప్పేమీ లేదు. అది మిమ్మల్ని కాపాడాలనే చూస్తోంది. అప్పుడు ముందు కావాల్సింది నమ్మకమైన మనిషి, తలదాచుకోవడానికి మరో చోటు, చట్టం తెలిసినవాళ్ల సాయం. గాయం మాన్పుకునే పని ఆ తర్వాతే.

జరిగి నెల కూడా కాలేదా? అయితే తవ్వకండి. నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, దృశ్యాలు కళ్లముందు మెదలడం మొదటి వారాల్లో చాలామందికి ఉండేవే. పీటీఎస్‌డీ (ఘోరమైన ఘటన తర్వాత వదలకుండా పట్టుకునే మానసిక గాయం) అని నిర్ధారించాలంటే కూడా లక్షణాలు నెలకు పైగా ఉండాలన్నది వైద్యుల ప్రమాణం. ఘటన జరిగిన వెంటనే మనిషిని కూర్చోబెట్టి అంతా ఒకేసారి చెప్పించేసే పద్ధతి ఒకప్పుడు బాగా నడిచింది. పరీక్షించి చూస్తే దానివల్ల మేలు కనబడలేదు, కొందరికి కీడు కూడా జరిగింది. ఆ నెలలో వేళకు తిండి, వీలైనంత నిద్ర, పక్కన ఒక మనిషి ఉంటే చాలు. మాట్లాడాలనిపిస్తే మాట్లాడండి, అనిపించకపోతే ఎవరి బలవంతానికీ లొంగకండి.

ఇంకోటి, అన్నిటికన్నా ముఖ్యం. చచ్చిపోవాలనిపిస్తున్నా, మిమ్మల్ని మీరు గాయపరచుకుంటున్నా ఈ రాతను ఇక్కడితో ఆపి, మీ ప్రాంతంలోని అత్యవసర నంబరుకో దగ్గర్లోని ఆస్పత్రికో ఇవాళే చెప్పండి. ఒంటరిగా ఉండకండి.

తోసేస్తే ఎందుకు తిరిగొస్తుంది

1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరు విద్యార్థులను పిలిచి, ఐదు నిమిషాలపాటు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని చెప్పాడు. ఆలోచన వచ్చినప్పుడల్లా గంట కొట్టాలి. గంట మోగుతూనే ఉంది. తర్వాత "ఇప్పుడు ఆలోచించవచ్చు" అన్నప్పుడు, మొదటినుంచీ ఆలోచించే స్వేచ్ఛ ఉన్నవాళ్లకన్నా వీళ్లకే ఆ ఎలుగుబంటి ఎక్కువసార్లు గుర్తొచ్చింది. ఒక ఆలోచనను రానివ్వకూడదంటే అది వస్తోందో లేదో మనసు కాపలా కాయాలి. ఆ కాపలాయే దాన్ని గుర్తుచేస్తుంటుంది. "మర్చిపో" అనే సలహా పనిచేయనిది అందుకే.

నెమరువేయడం దీనికి తిరగబడ్డ రూపం. పైకి చూస్తే ఆలోచించి ఏదో తేల్చుకుంటున్నట్టే ఉంటుంది, నిజానికి ఏదీ తేలదు. గుర్తుపట్టడం తేలికే. "నాకే ఎందుకిలా జరిగింది? వాడు అలా ఎందుకు చేశాడు? నేనెందుకిలా ఉన్నాను?" అని వరసగా "ఎందుకు"లు తిరుగుతూ, అరగంటైనా కొత్త మాట ఒక్కటీ పుట్టకపోతే అది నెమరే. ఆ క్షణంలో ప్రశ్న మార్చండి: "ఆ రోజు సరిగ్గా ఏం జరిగింది? ఇప్పుడు నా ఒంట్లో ఎక్కడ పట్టేస్తోంది? వచ్చే గంటలో ఏం చేయగలను?" ఏమిటి, ఎక్కడ, ఎలా అనే ప్రశ్నలకు జవాబులుంటాయి. జవాబు దొరికితే మనసు కదులుతుంది.

తిరిగి రావడం ముందు నేర్చుకోండి

చాలామంది ఈ అంచె దాటేసి నేరుగా బాధలోకి దిగుతారు. మధ్యలో వదిలేయడానికి ఇదొక కారణం. ఒడ్డుకు ఎలా రావాలో చేతికి అలవాటయ్యాకే లోతుకు వెళ్లాలి. దీనికి కనీసం ఒక వారం ఇవ్వండి.

కొలత నుంచి మొదలుపెడదాం. మనసులోని కలతకు 0 నుంచి 100 వరకు అంకె వేయడం నేర్చుకోండి. 0 అంటే ఏ అలజడీ లేదు, 100 అంటే మీరు ఊహించగలిగినంత తీవ్రం. జోసెఫ్ వోల్పే వాడుకలోకి తెచ్చిన ఈ కొలతను థెరపిస్టులు ఇప్పటికీ వాడుతున్నారు. రోజుకు మూడు నాలుగుసార్లు ఊరికే అంకె వేసి చూడండి. నాలుగు రోజుల్లో మీకే తెలుస్తుంది, 40 దగ్గర భుజాలు బిగుస్తాయని, 60 దగ్గర మాట తడబడుతుందని. ఒంటరిగా చేసేవాళ్లకు మేం పెట్టే గీత 70. అది దాటితే ఏ పనైనా ఆపి ఒడ్డుకు రావాలి.

ఇక ఊపిరి. ముక్కుతో 4 లెక్కపెట్టేంతసేపు పీల్చి, 6 లెక్కపెట్టేంతసేపు వదలండి. ఒక్కో ఊపిరికి 10 సెకన్లు, అంటే నిమిషానికి 6. అలా 5 నిమిషాలు, రోజుకు రెండుసార్లు. ఊపిరి వదిలేటప్పుడు గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె వేగం కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం పొడవుగా ఉండాలి. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే, "గట్టిగా ఊపిరి పీల్చు" అనగానే ఛాతీ నిండా లాగేయడం. అలా గబగబా లాగితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, భయం ఇంకా పెరుగుతుంది. మామూలు ఊపిరే, కాస్త నిదానంగా. అంతే.

కొందరికి ఊపిరి మీద ధ్యాస పెడితేనే గాబరా పుడుతుంది. కళ్లు మూసుకుని ధ్యానం చేయబోతే పాత దృశ్యాలు మీద పడతాయి. ఇది వాళ్ల లోపం కాదు. అలాంటివారు కళ్లు తెరిచే ఉంచి ధ్యాసను బయటికి మళ్లించాలి: కనబడే వస్తువులు 5, ఒంటికి తగిలేవి 4, వినబడే చప్పుళ్లు 3, వాసనలు 2, రుచి 1. పైకి పలుకుతూ లెక్కపెట్టండి. "కుర్చీ" అని ఊరుకోకుండా "ఎడమ చేతి దగ్గర పెచ్చు లేచిన గోధుమరంగు కుర్చీ" అనండి. వివరం పెరిగేకొద్దీ మనసు ఇప్పటి గదిలోకి వస్తుంది. చల్లటి నీళ్లలో చేతులు ముంచడం, పాదాలను నేలకు అదమడం కూడా పనిచేస్తాయి.

ఇవన్నీ ప్రశాంతంగా ఉన్నప్పుడే సాధన చేయాలి. కలత 80లో ఉన్నప్పుడు మొదటిసారి ప్రయత్నిస్తే ఏదీ గుర్తురాదు, "నాకిది పనిచేయదు" అనే నిరాశ మాత్రం మిగులుతుంది.

బాధకు సరైన పేరు పెట్టండి

"బాధగా ఉంది" అన్న మాటతో పెద్దగా పని జరగదు. ఫొటోల్లోని ముఖాల్లో కనబడే అనుభూతికి పేరు పెట్టినప్పుడు మెదడులో భయాన్ని రాజేసే అమిగ్డాలా స్పందన తగ్గుతుందని 2007లో మాథ్యూ లీబర్మన్ బృందం స్కాన్లలో చూపింది. ఈ విషయంలో తెలుగు మనకు చాలా సాయం చేస్తుంది. దూరమైన మనిషి కోసం కలిగేది బెంగ. ఏమవుతుందోనని కమ్ముకునేది దిగులు. ఎదుటివాడికి తగిలేది కోపం, చేతకానప్పుడు లోపలే ఉడికేది ఉక్రోషం. నలుగురిలో చిన్నబోయినప్పుడు అవమానం, నేను చేసింది తప్పనిపిస్తే అపరాధభావం, నేనే పనికిరానిదాన్ని అనిపిస్తే సిగ్గు. ఉండాల్సింది లేకపోతే వెలితి.

పేరు తేలితే చేయాల్సిందీ తేలుతుంది. బెంగకు ఏడుపూ తలపోతా కావాలి. ఉక్రోషానికి అప్పుడు అనలేని మాటను ఇప్పుడు కాగితం మీదైనా అనడం కావాలి. సిగ్గు దాచినకొద్దీ పెరుగుతుంది కాబట్టి నమ్మకస్తులైన ఒక్కరికి చెప్పుకోవడమే మందు. అన్నిటినీ కలిపి "డిప్రెషన్" అనేసుకుంటే ఈ దారులన్నీ మూసుకుపోతాయి.

నాలుగు రోజుల రాత

ఇది 1986లో జేమ్స్ పెన్నబేకర్, సాండ్రా బీల్ పరీక్షించిన పద్ధతి. అప్పుడు రోజుకు 15 నిమిషాలు, వరసగా 4 రోజులు రాయించారు. ఇప్పుడు 15 నుంచి 20 నిమిషాలు అంటున్నారు. తర్వాత వందకు పైగా ప్రయోగాలు జరిగాయి. 146 అధ్యయనాలను కలిపి చూసిన 2006 నాటి విశ్లేషణలో మేలు ఉన్నమాట నిజమే కానీ సగటున అది చిన్నదని తేలింది. అంటే మహిమలేవీ ఆశించకూడదు. ఖర్చు లేదు, ఇంట్లోనే చేసుకోవచ్చు, కాబట్టి మొదట ప్రయత్నించదగ్గది.

ఎవరూ పిలవని వేళ చూసుకోండి. పడుకునే ముందు మాత్రం వద్దు. రాశాక గంట, రెండు గంటలు మనసు బరువుగా ఉండటం మామూలే, ఆ బరువుతో నిద్రలోకి వెళ్లకూడదు. ఫోన్లో 15 నిమిషాలకు అలారం పెట్టి, దాన్ని బోర్లా పడేయండి. ఆగకుండా రాయండి. అక్షరదోషాలు, వాక్యాల పొందిక పట్టించుకోవద్దు. రాయడానికేం లేదనిపిస్తే పై వాక్యాన్నే మళ్లీ రాయండి. జరిగినదాన్ని, అప్పుడు కలిగినదాన్ని, ఇప్పుడు అనిపిస్తున్నదాన్ని, అది మీ మిగతా జీవితాన్ని ఎలా తాకిందో రాయండి. ఎవరికీ చూపించేది కాదు కనుక మర్యాద కోసం మాటలు దిద్దక్కర్లేదు.

రాతలో తేడా ఎలా ఉంటుందో చూడండి. మొదటి రోజు చాలామంది ఇలా రాస్తారు: "వాళ్లు నన్ను మోసం చేశారు. నా జీవితం నాశనమైంది. ఎవర్నీ నమ్మకూడదు." ఇందులో మనిషి లేదు, చోటు లేదు, క్షణం లేదు. అదే విషయం దగ్గరకు వెళ్లి రాస్తే: "నేను లోపలికి వచ్చేసరికి అక్క ఫోను పెట్టేసింది. నా వైపు చూడలేదు, టేబుల్ మీది గ్లాసును అటూ ఇటూ జరుపుతోంది. అందరికీ ముందే తెలుసని అప్పుడు అర్థమైంది. డబ్బు పోయినందుకు కాదు, నాకొక్కదానికే చెప్పనందుకు నాకు ఉక్రోషం వచ్చింది." రెండో రాతలో ఆ గ్లాసు ఉంది. అసలు నొప్పి ఎక్కడుందో కూడా బయటపడింది. మోసం కన్నా వెలివేసినట్టు చూడటమే ఎక్కువ గుచ్చింది.

నాలుగు రోజుల్లో రాతలో "ఎందుకంటే", "అప్పుడు అర్థమైంది", "ఇప్పుడు చూస్తే" లాంటి మాటలు పెరిగినవారికి ఎక్కువ మేలు జరిగిందని పెన్నబేకర్ గమనించారు. కథ ముక్కలుగా ఉన్నది ఒక తీరుకు వస్తోందనడానికి అవి గుర్తులు. మూడో రోజుకు కూడా మొదటి రోజు వాక్యాలే వస్తుంటే అది కాగితం మీద నెమరు. అప్పుడు "నేను" తీసేసి "ఆమె" అనో "అతను" అనో రాయండి. "ఆ రోజు ఆమెకు పద్దెనిమిదేళ్లు. ఆమెకు ఆ సంగతి తెలిసే దారే లేదు." కాస్త ఎడంగా నిలబడి చూస్తే తీవ్రత తగ్గుతుందని ఈథన్ క్రాస్, ఓజ్లెమ్ ఐడుక్ చేసిన పరిశోధనలు చెబుతున్నాయి.

అలారం మోగగానే వాక్యం మధ్యలో ఉన్నా ఆపేయండి. ఐదు నిమిషాలు ఊపిరి, తర్వాత చేతులకు పని: గిన్నెలు కడగడం, బట్టలు మడవడం, నడక. నాలుగో రోజుతో ఈ విడత అయిపోయింది. ఐదో రోజు రాయకండి, కనీసం రెండు వారాలు ఊరుకుని చూడండి. కాగితాలు చింపేయవచ్చు, దాచుకోవచ్చు. ఆ మనిషికి మాత్రం పంపకండి. పంపాలనే ఆలోచనతో రాస్తే అది వాదన అయిపోతుంది, రాత కాదు. ఒక సంగతి రాయబోతే 70 దాటిపోతోందంటే దాన్ని పక్కనపెట్టి వేరేది రాయండి. దానికి థెరపిస్టు తోడు కావాలన్నమాట.

"తప్పంతా నాదే" అనిపిస్తున్నప్పుడు

పాత బాధల్లో అన్నిటికన్నా మొండిది ఇదే. "నేను ఆ రోజు వెళ్లి ఉంటే, ఫోను ఎత్తి ఉంటే, ముందే కనిపెట్టి ఉంటే" అని ఏళ్ల తరబడి కుమిలేవాళ్లున్నారు. దీనికి వాదన పనిచేయదు, లెక్క పనిచేస్తుంది.

ఒక కాగితం మీద ఆ ఘటనకు కారణమైనవన్నీ రాయండి: మనుషులు, పరిస్థితులు, జబ్బు, వాతావరణం, అప్పటి మీ వయసు, అందని సమాచారం. కనీసం ఏడెనిమిది వస్తాయి. మొత్తం 100 వంతుల్లో ఒక్కోదానికి ఎంతో వేయండి. మీ పేరుకు చిట్టచివర వేయాలి. ఇదే కిటుకు. ముందే మీకు 90 వేసేసుకుంటే మిగతావాటికి చోటుండదు. చివర్లో వేస్తే మిగిలేది 10 అయినా కావచ్చు, 20 అయినా కావచ్చు. సున్నా రావాలని లేదు. నిజంగా మీ వంతు ఉంటే, సరిదిద్దగలిగింది సరిదిద్దడానికి ఆ అంకె పనికొస్తుంది.

తర్వాత రెండు వరసలు గీయండి. ఒకదానిపై "ఆ రోజు నాకు తెలిసింది", రెండోదానిపై "తర్వాత తెలిసింది". ఫలితం తెలిశాక అది ముందే కనబడి ఉండాల్సిందని అనిపించడం మనుషులందరి మనసుకూ ఉన్న వంకర. 1975లోనే బరూక్ ఫిష్‌హాఫ్ దాన్ని ప్రయోగాలతో చూపాడు. మీ మీద మీరు వేసుకున్న నింద రెండో వరసలోని సంగతులతో నిలబడి ఉంటే, అది ఆ రోజు అక్కడున్న మీ మీద వేయాల్సింది కాదు.

తప్పించుకు తిరుగుతున్నవాటి దగ్గరికి

ప్రమాదం జరిగిన దారి, పోయినవారి గది, పాత ఫొటోలు, ఒక పాట. తప్పించుకున్న ప్రతిసారీ ఊరట దొరుకుతుంది, ఆ ఊరటే భయానికి మేత. కాబట్టి మెట్లు కట్టుకోండి. దారి విషయమే తీసుకుంటే: ఆ దారి ఫొటో చూడటం 30, పక్క వీధిదాకా వెళ్లి నిలబడటం 45, పగటిపూట తోడుతో నడవడం 55, ఒంటరిగా నడవడం 65, ఆ మలుపు దగ్గర ఆగడం 80.

కింది మెట్టు నుంచి మొదలుపెట్టండి. అక్కడ 30 నుంచి 45 నిమిషాలు, లేదా అంకె సగానికి పడేదాకా ఉండండి. అదే మెట్టు రోజూ, అలవాటయ్యేదాకా. అంకె బాగా పెరిగిన క్షణంలో పరుగెత్తుకొచ్చేస్తే "పారిపోయాను కాబట్టి బతికాను" అని మనసు నేర్చుకుంటుంది. అందుకే మీరు తప్పకుండా ఉండగలిగే మెట్టునే ఎంచుకోవాలి. 70 దాటుతుందనిపించే మెట్లను థెరపిస్టు కోసం ఉంచండి. ఫోను చూస్తూ గడిపేస్తే అక్కడ ఉన్నట్టు లెక్కకాదు. ఈ మెట్లు నిజంగా అపాయం లేనివాటికే. మిమ్మల్ని హింసించిన మనిషి ఎప్పుడూ ఒక మెట్టు కాడు.

రాత్రుళ్లు

ఒకే పీడకల మళ్లీ మళ్లీ వస్తుంటే దాన్ని పగలు తిరగరాయండి. 2001లో బారీ క్రాకో బృందం పరీక్షించి మేలు చూసిన పద్ధతి ఇది. మరీ భయంకరమైనది కాకుండా ఓ మోస్తరు కలను ఎంచుకుని, మీకు నచ్చినట్టు మార్చండి. తలుపు అవతల మనిషి బదులు వాన కురుస్తుండవచ్చు, గోడ కిటికీ కావచ్చు. మారిన కలను రాసుకుని, రోజూ 10 నుంచి 20 నిమిషాలు మనసులో చూసుకోండి. పాత కలను తలచుకోనక్కర్లేదు. కొన్ని వారాలు పడుతుంది.

మద్యం నిద్ర పట్టిస్తుంది కానీ రాత్రి రెండో సగంలో నిద్రను చెడగొడుతుంది.

మనుషులు

చెప్పుకునేవారిని ఎంచుకునేముందు చిన్న సంగతి ఒకటి చెప్పి చూడండి. దాన్ని నలుగురికీ చేరవేయకుండా, వెంటనే తమ కథ ఎత్తుకోకుండా విన్నవాళ్లు పనికొస్తారు. మొదలుపెట్టేముందే "సలహా వద్దు, వింటే చాలు" అని చెప్పేయండి. మంచివాళ్లు కూడా ఏం చేయాలో తెలియకే సలహాల్లోకి దిగుతారు. ఇద్దరు కలిసి అదే బాధను రోజూ గంటలకొద్దీ తిరగేసుకుంటే మాత్రం అది ఇద్దరి నెమరు అవుతుంది.

క్షమించాలా? క్షమించకపోతే మానదని చెప్పేవారిని నమ్మకండి. క్షమ కొందరికి ఊరటనిస్తుంది, అయితే అది తర్వాత వచ్చేది, తొందరపెడితే వచ్చేది కాదు. క్షమించడం వేరు, ఆ మనిషిని మళ్లీ ఇంట్లోకి రానివ్వడం వేరు. మొదటిది చేసి రెండోది చేయకుండా ఉండవచ్చు.

థెరపిస్టు దగ్గరికి ఎప్పుడు

నెల దాటినా దృశ్యాలు మీద పడుతుంటే, పని, చదువు, తిండి, నిద్ర దెబ్బతింటే, మత్తు అవసరమవుతుంటే, చిన్నతనంలో ఏళ్లపాటు సాగిన హింస అయితే ఒంటరిగా మోయకండి. పీటీఎస్‌డీకి గాయం మీద దృష్టిపెట్టే సీబీటీని (ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్‌ను (ఆ జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిపించే చికిత్స) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సిఫారసు చేసింది. ఈ కోవలోని కొన్ని చికిత్సలు 8 నుంచి 15 సిట్టింగుల్లో పూర్తవుతాయి. మొదటి రోజే అడగండి: ఇలాంటి కేసులు చూశారా, ఏ పద్ధతి వాడతారు, ఎన్ని సిట్టింగులు, తగ్గుతోందో లేదో ఎలా కొలుస్తారు? మొదటి గంటలోనే అంతా చెప్పాలని ఒత్తిడి చేసినా, క్షమించేయమని చెప్పినా వేరొకరిని చూసుకోండి. సెర్ట్రలిన్ లాంటి మందులు కొందరికి సాయపడతాయి. వాటిని మొదలుపెట్టడం, ఆపడం సైకియాట్రిస్టు చెప్పినట్టే జరగాలి.

మళ్లీ వచ్చినప్పుడు

నెలల తరబడి బాగుండి, ఒక తేదీ దగ్గరపడగానే మళ్లీ మొదటికొచ్చినట్టు అనిపిస్తుంది. మొదటికి రాలేదు. ఆ తేదీని క్యాలెండర్‌లో ముందే గుర్తుపెట్టి, ఆ వారంలో పెద్ద నిర్ణయాలు పెట్టుకోకండి. ఆ రోజున అరగంట తలపోతకు, మిగతా రోజు ఒక మనిషితో, ఒక పనితో గడపడానికి కేటాయించుకోండి.

ఎంత మానిందో తెలుసుకోవడానికి ఎన్నిసార్లు గుర్తొచ్చిందని లెక్కపెట్టవద్దు. గుర్తొచ్చాక ఎంతసేపట్లో తేరుకున్నారో రాసుకోండి. తేదీ, గుర్తుచేసినది, ఎక్కిన అంకె, తిరిగి 30 కిందికి వచ్చేసరికి పట్టిన సమయం. నాలుగు గడులు చాలు. మొదటి నెలలో ఆ చివరి గడిలో "రెండు రోజులు" అని ఉండవచ్చు. నాలుగో నెలలో అదే గడిలో "సాయంత్రం దాకా" అని, ఆ తర్వాత ఒకరోజు "ఇరవై నిమిషాలు" అని రాస్తారు.